నాలుగో క్రిస్టియన్ (డెన్మార్క్) వంశవృక్షం: ఇంతమంది పిల్లలను ఒక్క షీటు మీద ఎట్ల గీయాలె?

ఓరుగల్లు_చదువరి

హనుమకొండలో మా చదువరుల బృందం నెలకొక రాజవంశం పట్టుకొని వంశవృక్షం గీసి గోడకు పెడుతున్నం. కాకతీయులు, కుతుబ్‌షాహీలు అయిపోయినరు. ఈ నెల డెన్మార్క్-నార్వేలను ఏలిన నాలుగో క్రిస్టియన్ (1577–1648). 22×28 అంగుళాల డ్రాయింగ్ షీటు అడ్డంగా పెట్టి, పైన రాజు, కింద రాణి, ఆ కింద పిల్లలు అని మొదలుపెట్టినం. సగం గీసినాక ఆపేయాల్సి వచ్చింది.

ఏ రెండు జాబితాలు చూసినా పిల్లల లెక్క కలుస్తలేదు. ఉల్రిక్ అనే పేరు నాలుగు చోట్ల తగిలింది, ఒక్క మనిషేనో నలుగురో తెలుస్తలేదు. కిర్స్టెన్ మున్క్‌తో లగ్గం ఒక దగ్గర 1615 అని, ఇంకో దగ్గర 1616 అని ఉన్నది. ఆమె పేరు కింద రాణి అని రాయాల్నా, ఉంచుకున్నామె అని రాయాల్నా? లగ్గం చేసుకున్న భార్యే అయితే ఆమె కొడుకు వాల్డెమార్‌ను వారసుల లెక్కలోకి ఎందుకు తీసుకోలేదు? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఖిలా_దర్వాజ

షీటు మార్చి మళ్ళీ గీయండి. గీతలన్నీ రాజు దగ్గర మొదలుపెట్టడం వల్లే అల్లుకుపోయాయి. ఈ కుటుంబాన్ని తల్లుల వారీగా గీయాలి. ఏ బిడ్డకు ఏ ఇంటిపేరు వచ్చింది, ఎవరికి సింహాసనం అందింది, ఎవరికి అందలేదు అన్నదంతా తల్లి హోదాను బట్టే తేలింది. తండ్రి అందరికీ ఒక్కడే, తల్లులు ఐదుగురు.

పేరు పెట్టిన పిల్లలు మొత్తం 21 మంది. ఒక్కొక్కరికి 1.1 అంగుళాల వెడల్పు గడి ఇస్తే 23.1 అంగుళాలు పడుతుంది. ఐదు పట్టీల మధ్య నాలుగు ఖాళీలు, అరంగుళం చొప్పున 2 అంగుళాలు. మొత్తం 25.1. రెండు పక్కలా అంగుళం మార్జిన్ వదిలినా 28 అంగుళాల్లో హాయిగా సరిపోతుంది. గడి ఎత్తు మాత్రం రెండున్నర అంగుళాలైనా పెట్టండి, ఎందుకంటే పేర్లు జంటపేర్లు, ఒక్క వరుసలో పట్టవు.

మొదటి పట్టీ పట్టపురాణి అన్నా కాథరీనాది. బ్రాండెన్‌బుర్గ్ రాజకుటుంబం ఆడపడుచు, 1575లో పుట్టింది, రాజుకంటే రెండేళ్ళు పెద్ద. పెళ్ళి 1597 నవంబరు 27న హాడర్స్‌లేవ్‌లో జరిగింది, మరుసటి ఏడు కిరీటం పెట్టారు. ఆరుగురు పిల్లలు: ఫ్రెడెరిక్ (1599లోనే పుట్టి పోయాడు), క్రిస్టియన్ (1603–1647), సోఫీ (1605లోనే పోయింది), ఎలిసబెత్ (1606–1608), ఫ్రెడెరిక్ (1609–1670), ఉల్రిక్ (1611–1633). ముగ్గురు పసితనంలోనే పోయారు, మిగిలినవాళ్ళు ముగ్గురూ మగపిల్లలే. రాణి 1612లో చనిపోయింది. అప్పటినుంచి 1648 దాకా, అంటే 36 ఏళ్ళు, డెన్మార్క్‌కు పట్టపురాణి అన్నదే లేదు. ఈ సంగతి చార్టు మీద ఎక్కడైనా కనబడేలా రాయండి. తర్వాత జరిగిన గొడవలన్నిటికీ మూలం ఆ ఖాళీయే.

రెండో పట్టీ కిర్స్టెన్ మాడ్స్‌డాటర్, ఒక్కడే కొడుకు: క్రిస్టియన్ ఉల్రిక్ (1611–1640). రాణి బతికుండగానే పుట్టాడు. మూడోది కారెన్ ఆండర్స్‌డాటర్, ఇద్దరు: డొరోథియా ఎలిసబెత్ (1613–1615), హన్స్ ఉల్రిక్ (1615–1645). వీళ్ళిద్దరితోనూ రాజుకు పెళ్ళి కాలేదు. పేర్ల చివర ఉన్న ‘డాటర్’ ఇంటిపేరు కాదు, ఫలానావాడి కూతురు అని అర్థం: మాడ్స్ కూతురు, ఆండర్స్ కూతురు. అందుకని మాడ్స్‌డాటర్‌ను ఒక వంశంగా చూపించి పైకి గీత లాగొద్దు.

నాలుగోది కిర్స్టెన్ మున్క్. రెండో పట్టీలోనూ కిర్స్టెన్ ఉంది కదా, ఇక్కడ పూర్తి పేరు రాయకపోతే తికమక ఖాయం. ఈమె 1598లో పుట్టిన జమీందారీ కుటుంబం పిల్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఎల్లెన్ మార్స్‌విన్ పెద్ద భూస్వామి, లెక్కలు గట్టిగా తెలిసిన మనిషి. కూతురిని ఉంచుకుంటానంటే ఆమె కుదరదంది, పెళ్ళి ఒప్పందం రాయించుకుంది. 1615 డిసెంబరు 31న పెళ్ళి. రాజుకు 38, పిల్లకు 17. కాకపోతే అది యూరప్‌లో వామహస్త వివాహం అనే తరహా పెళ్ళి. మన దగ్గర పాణిగ్రహణం కుడిచేతితో కదా, అక్కడా అంతే. హోదా తక్కువైన భార్యకు వరుడు ఎడమచెయ్యి ఇచ్చేవాడు, పేరు అలా వచ్చింది. భార్య ధర్మబద్ధమైన భార్యే, పిల్లలు ధర్మబద్ధమైన పిల్లలే. భర్త హోదా, కిరీటం మాత్రం వాళ్ళకు దిగవు. కాబట్టి ‘రాణి’ అని రాస్తే తప్పు, ‘ఉంచుకున్నామె’ అని రాస్తే అంతకంటే పెద్ద తప్పు. ‘భార్య (వామహస్త వివాహం)’ అని రాయండి. 1627లో ఆమెకు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కౌంటెస్ బిరుదు ఇచ్చారు, అది కూడా గడిలో పెట్టొచ్చు.

పేరున్న పిల్లలు పదిమంది: అన్నా కాథరీనా (1618–1633), సోఫీ ఎలిసబెత్ (1619–1657), లియోనోరా క్రిస్టీనా (1621–1698), వాల్డెమార్ క్రిస్టియన్ (1622–1656), ఎలిసబెత్ ఆగస్టా (1623–1677), ఫ్రెడెరిక్ క్రిస్టియన్ (1625–1627), కవలలు క్రిస్టియానె (1626–1670), హెడ్విగ్ (1626–1678), మరియా కాథరీనా (1628లోనే పోయింది), డొరోథియా ఎలిసబెత్ (1629–1687). 12 అని రాసే జాబితాలు పేరు పెట్టకముందే పోయిన పసికందులను కూడా కలుపుతాయి. మీ లెక్కలు కలవకపోవడానికి ముఖ్య కారణం ఇదే. పెద్ద కూతురికి చనిపోయిన పట్టపురాణి పేరే పెట్టారు, గమనించండి.

ఐదోది విబెకె క్రూసె. కిర్స్టెన్ మున్క్ దగ్గర పనిచేసిన పరిచారిక. 1629 నుంచి రాజుతో ఉంది. ఇద్దరు పిల్లలు: ఉల్రిక్ క్రిస్టియన్ (1630–1658), ఎలిసబెత్ సోఫియా (1633–1654).

ఇక ఉల్రిక్‌లు ఒక్కరు కాదు, నలుగురు. నలుగురు తల్లుల కొడుకులు. రాజు తల్లి సోఫీ మెక్లెన్‌బుర్గ్ ఆడపడుచు, ఆమె తండ్రి పేరు ఉల్రిక్. మనవాళ్ళు తాత పేరు పెట్టుకున్నట్టే. ఇద్దరు ఉల్రిక్‌లు ఒకే ఏడు, 1611లో పుట్టారు, కాబట్టి సంవత్సరం చూసి పోల్చుకోవడం కుదరదు, తల్లిని చూడాల్సిందే.

వేయిస్తంభాలు

1615, 1616 సంగతి నేను చెప్త. రెండూ ఒక్క రోజే. డెన్మార్క్‌ల 1700 దాకా పాత జూలియన్ క్యాలెండరే నడిచింది. ఆ ఏడు ఫిబ్రవరి 18 తెల్లారి మార్చి 1 అని మార్చుకున్నరు. 1582 అక్టోబరు నుంచి అప్పటిదాకా రెండు క్యాలెండర్లకు పది రోజుల తేడా. డిసెంబరు 31కి పది కలిపితే జనవరి 10 అయితది, సంవత్సరం కూడా మారి 1616 పడ్తది.

మన వేయిస్తంభాల గుడి శాసనం చదివేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతది. అందులో శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంటది. 78 కలిపి 1162 అని రాసేస్తరు. మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది, అసలు తేదీ 1163 జనవరి 19. సంవత్సరం చివర్ల వచ్చే తేదీ కనబడితే జర ఆగి చూడాలె.

రాజు చావు తేదీ కూడా రెండు తీర్ల దొరుకుతది. డెన్మార్క్ లెక్కల 1648 ఫిబ్రవరి 28. పది కలిపితే 38. 1648 లీపు సంవత్సరం, ఫిబ్రవరికి 29 రోజులు, తీసేస్తే మార్చి 9. లీపు సంగతి మరిచి 28 తీసేస్తే మార్చి 10 అని తప్పు వస్తది. రాణి చావు 1612 మార్చి 29, కొత్త లెక్కల ఏప్రిల్ 8.

రాజు పుట్టిన తేదీకి మాత్రం పది కలపొద్దు. 1577 ఏప్రిల్ 12 నాటికి కొత్త క్యాలెండరే పుట్టలేదు. చార్టు మొత్తం పాత తేదీలల్లనే ఉంచి, కింద మూలకు ‘తేదీలన్నీ జూలియన్ లెక్క’ అని ఒక్క ముక్క రాయుండ్రి. సగం అది, సగం ఇది కలిపితే పెండ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు కనబడే ప్రమాదం ఉంటది.

జనగామ_రోడ్డు

కిర్స్టెన్ మున్క్ కథ స్వీడన్ రాజు పద్నాలుగో ఎరిక్, కారిన్ మాన్స్‌డాటర్ కథ లాంటిదే కదా? అక్కడా మామూలు ఇంటి పిల్లనే చేసుకున్నడు. రెండూ పక్కపక్కన పెట్టొచ్చు అనిపిస్తున్నది.

ఖిలా_దర్వాజ

పక్కపక్కన పెట్టండి, కానీ లాంటిదే అనకండి. తేడా చాలా పెద్దది. ఎరిక్ కారిన్‌ను 1567లో రహస్యంగా చేసుకుని, 1568లో అందరిముందూ చర్చిలో మళ్ళీ పెళ్ళాడి, కిరీటం పెట్టించాడు. ఆమె నిజంగానే స్వీడన్ రాణి. కొడుకు గుస్టావ్‌ను వారసుడన్నాడు. ఆ ఏడే తమ్ముడు యోహాన్ తిరగబడి ఎరిక్‌ను దింపేశాడు. క్రిస్టియన్ ఆ తొవ్వలో పోలేదు. కిర్స్టెన్ కారిన్ కంటే ఎంతో పెద్దింటి పిల్ల, అయినా కిరీటం పెట్టలేదు. అప్పటికే పట్టపురాణి కొడుకులు ముగ్గురున్నారు. ఇంకో రాణి, ఆమెకు ఇంకో నలుగురు కొడుకులు అంటే రేపు పంపకాల గొడవ. అది రాకుండా చూసుకున్నాడని నేను అనుకుంటాను.

వాల్డెమార్ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. డెన్మార్క్ కిరీటం అప్పట్లో పేరుకు ఎన్నిక పదవి. పెద్దల సభ రాజును ఎన్నుకునేది, రాజు షరతుల పత్రం మీద సంతకం పెట్టేవాడు. వాడుక మాత్రం పట్టపురాణి పెద్దకొడుకుదే. యువరాజు క్రిస్టియన్‌కు 1634లో సాక్సనీ రాకుమారి మాగ్డలేన సిబిల్లతో కోపెన్‌హాగెన్‌లో మహా ఆర్భాటంగా పెళ్ళి చేశారు. సంతానం కలగలేదు. తండ్రికంటే ఏడాది ముందే, 1647లో పోయాడు. అప్పుడు వంతు ఫ్రెడెరిక్‌ది. అతణ్ణి రాజు చేద్దామని పెంచనే లేదు, జర్మనీలో బ్రెమెన్ మతపీఠం ఇప్పించి అక్కడ స్థిరపరిచారు. చిన్నకొడుకులకు బతుకుదెరువు చూపడానికి అప్పటి ప్రొటెస్టంట్ రాజులు చేసే పని అది. ఉల్రిక్‌కు కూడా ష్వెరిన్ పీఠం చూపించారు, అతను 1633లో సైలీషియాలో హత్యకు గురయ్యాడు.

వాల్డెమార్‌ను రష్యాకు పంపారు. జార్ మిఖయిల్ కూతురు ఇరీనాతో సంబంధం. తీరా మాస్కో చేరాక ఆర్థొడాక్స్ మతంలోకి మారాలన్నారు, ఇతను ససేమిరా అన్నాడు, వాళ్ళు కదలనివ్వలేదు. 1645లో జార్ చనిపోయాకగాని బయటపడలేదు.

కాకతీయుల చార్టు గీశారు కదా, ఒకసారి దాన్ని పక్కన పెట్టి చూడండి. గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతురు రుద్రమ ఏలింది. ఆమె తర్వాత కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. ఓరుగల్లులో ఆడపిల్ల గుండా గద్దె దిగింది. కోపెన్‌హాగెన్‌లో మగబిడ్డే అయినా, తల్లికి కిరీటం లేదు గనుక వాల్డెమార్ లెక్కలోకి రాలేదు.

ఓరుగల్లు_చదువరి

ధన్యవాదాలు అన్నా. పట్టీల కొలతలు సరిగ్గా కూర్చున్నయి. ఇంటిపేర్ల దగ్గర ఇంకొక సందేహం. కొందరికి గిల్డెన్‌లోవ అని ఉన్నది, కొందరికి లేదు. అందరికీ రాయాల్నా? అల్లుళ్ళను కూడా చూపిస్తే బాగుంటదా? చోటు పడ్తదా?

లక్నవరం

గిల్డెన్‌లోవ అంటే బంగారు సింహం. పెళ్ళి కాకుండా పుట్టిన రాజు పిల్లలకు ఇచ్చే ఇంటిపేరు. రెండు, మూడు, ఐదు పట్టీల పిల్లలకు రాయండి. కిర్స్టెన్ మున్క్ పిల్లలకు రాశారంటే వాళ్ళ తల్లి పెళ్ళినే కాదన్నట్టు. వాళ్ళకు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కౌంట్, కౌంటెస్ అని రాయాలి. రంగులు వాడేటట్టయితే పట్టపురాణి పట్టీకి ఒకటి, మున్క్ పట్టీకి ఒకటి, మిగతా మూడింటికి కలిపి ఒకటి. మూడు స్కెచ్ పెన్నులు చాలు.

అల్లుళ్ళను తప్పకుండా పెట్టండి. వాళ్ళు లేకుండా ఈ కుటుంబం చివరి ఇరవై ఏళ్ళు అర్థం కావు. కొడుకులకు కిరీటం లేదు కాబట్టి రాజు మున్క్ కూతుళ్ళను దేశంలోని పెద్ద కుటుంబాలకిచ్చి ఆ బలం కూడగట్టుకున్నాడు. నిశ్చితార్థాలు చాలా చిన్న వయసులో. పెద్దామె అన్నా కాథరీనాకు ఫ్రాంట్స్ రాంట్సావ్‌ను చూశారు. 1632లో రోసెన్‌బోర్గ్ కోట కందకంలో పడి మునిగి చనిపోయాడు. మరుసటి ఏడు ఆ పిల్ల కూడా పోయింది. అక్కడ గీత లగ్గం గీత కాదు, నిశ్చితార్థం గీత, చుక్కలతో వేయండి. సోఫీ ఎలిసబెత్‌కు క్రిస్టియన్ ఫాన్ పెంట్స్ (1634), లియోనోరాకు కోర్ఫిట్స్ ఉల్‌ఫెల్ట్ (1636, తొమ్మిదేళ్ళప్పుడు నిశ్చయం, పదిహేనేళ్ళకు పెళ్ళి), ఎలిసబెత్ ఆగస్టాకు హన్స్ లిండెనోవ్ (1639), కవలల్లో క్రిస్టియానెకు హన్నిబాల్ సేహెస్టెడ్, హెడ్విగ్‌కు ఎబ్బె ఉల్‌ఫెల్ట్ (ఇద్దరివీ 1642). ఉల్‌ఫెల్ట్ అని ఇద్దరున్నారు, పూర్తి పేర్లు రాయండి. గడుల కింద అంగుళం ఎత్తున ఇంకో వరుస గీస్తే అందరూ పడతారు.

ఈ అల్లుళ్ళు ఎంత ఎదిగారంటే సేహెస్టెడ్ నార్వే పాలనాధికారి, కోర్ఫిట్స్ 1643 నుంచి రాజు తర్వాత అంతటి పదవిలో ఉన్నాడు. డెన్మార్క్‌లో ‘అల్లుళ్ళ వర్గం’ అనే మాటే స్థిరపడింది. రాణి లేని ఆస్థానంలో లియోనోరా పెద్దరికం చేసింది. 1648లో రాజు రోసెన్‌బోర్గ్‌లో కన్ను మూయగానే విబెకెను కోటలోంచి వెళ్ళగొట్టారు. జబ్బుతో ఉన్న మనిషి, రెండు నెలలకే పోయింది. మున్క్ పిల్లలకు ఆమె మీద అంత కసి ఎందుకంటే, తల్లి పెళ్ళి చెల్లదని ఎవరన్నా తమ హోదా కూడా పోతుంది. తల్లి స్థానంలోకి వచ్చిన పరిచారిక వాళ్ళకు నిత్యం ఆ భయాన్నే గుర్తుచేసేది.

కొత్త రాజు మూడో ఫ్రెడెరిక్ భార్య సోఫీ అమాలీ. 36 ఏళ్ళ తర్వాత పట్టపురాణి వచ్చింది. లియోనోరాకు ఆస్థానంలో ఉన్న మర్యాదలన్నీ తీసేసింది. కోర్ఫిట్స్ మీద ఆరోపణలు వచ్చాయి, 1651లో దంపతులు దేశం విడిచారు. 1657లో అతను శత్రువైన స్వీడన్ రాజు పక్షాన చేరాడు. అప్పుడు కోపెన్‌హాగెన్‌ను ముట్టడిస్తే 1658లో నగరం తరఫున పోరాడి ఆ ఏడే చనిపోయిన సేనాని ఎవరో చూడండి: ఉల్రిక్ క్రిస్టియన్ గిల్డెన్‌లోవ, అంటే విబెకె కొడుకు. ఏ ఇంటివాళ్ళను మున్క్ పిల్లలు గేటు బయటికి నెట్టారో ఆ ఇంటి కొడుకు.

లియోనోరాను 1663లో ఇంగ్లండులోని డోవర్ దగ్గర పట్టుకుని తెచ్చి కోపెన్‌హాగెన్ కోటలోని నీలి బురుజులో బంధించారు. విచారణ లేదు, శిక్ష ఇంతకాలం అన్నది లేదు. 1670లో ఫ్రెడెరిక్ పోయి అతని కొడుకు గద్దెనెక్కినా వదల్లేదు. రాజమాత సోఫీ అమాలీ 1685 ఫిబ్రవరిలో చనిపోయింది, లియోనోరా మేలో బయటికొచ్చింది. దాదాపు 22 ఏళ్ళు. ఆమె గడిలో పుట్టుక, చావు సంవత్సరాల మధ్య ‘1663–1685 చెర’ అని తప్పకుండా రాయండి. ఇంతమందిలో నా మనసు ఎప్పుడూ ఆగేది ఈ గడి దగ్గరే.

వేయిస్తంభాలు

ఒక్క గడి మిగిలింది, మున్క్ పట్టీల ఆఖరిది. డొరోథియా ఎలిసబెత్ ఇద్దరున్నరు, చూసినరా? 1613ల పుట్టి రెండేండ్లకే పోయిన పిల్ల కారెన్ బిడ్డ. 1629ల పుట్టినామె కిర్స్టెన్ బిడ్డ. ఇద్దరినీ ఒక్కరిగా కలిపేస్తే లెక్క 20కి పడిపోతది. పోయిన పిల్ల పేరు మళ్ళ పెట్టుడు అప్పుడు మామూలే, పట్టపురాణి కొడుకులల్ల రెండు ఫ్రెడెరిక్‌లు కూడా అట్లనే వచ్చినయి.

రెండో డొరోథియాను రాజు తన బిడ్డ కాదన్నడు. 1625 నుంచి జర్మనీల యుద్ధం నడుస్తున్నది, 1626ల లుట్టర్ దగ్గర ఘోరంగ ఓడిపోయిండు. ఆ కాలంలనే కిర్స్టెన్‌కు రాజు కొలువుల ఉన్న గుర్రపు దళం అధికారి, రైన్ కౌంట్ ఒట్టో లూడ్విగ్‌తో సంబంధం అన్న మాట వచ్చింది. ఆ బిడ్డ పుట్టినంక ఆలుమగలు మళ్ళ కలువలేదు. 1630 నుంచి కిర్స్టెన్‌ను జుట్లాండ్‌ల ఉన్న ఆమె జాగీరుకు పంపి అక్కడనే ఉంచిండు.

అందుకని ఆ పిల్లను చార్టుల నుంచి తీసెయ్యొద్దు, రాజు బిడ్డేనని తేల్చి కూడా రాయొద్దు. కిర్స్టెన్ నుంచి గీత నిండుగ గీయుండ్రి, రాజు నుంచి చుక్కల గీత వేసి పక్కన ‘రాజు ఒప్పుకోలేదు’ అని రాయుండ్రి. గీత పెన్సిల్‌తోని కాదు, మిగతావాటి లెక్కనే స్కెచ్ పెన్నుతోని.